వ్రేళ్ళకు నేర్పు యంత్రములు: గిటారు ఆటల చరిత్ర

నిజామాబాదు జిల్లాలో చెరకు పండు ప్రాంతమునకు బోధను పట్టణము కేంద్రము. మంజీర నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు జలాశయము ఈ పంటకు ఆధారమైనది. తరువాత 1937లో బోధను చెంతనున్న శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది.

చెరకు పండించు చోట బెల్లము వండుట కూడ ఒక విద్య. బాణలిలో మరుగుచున్న రసము ఎప్పుడు పాకమునకు వచ్చినదో గడియారము చెప్పజాలదు. అది చెరకు రకమునుబట్టి, మంటనుబట్టి, రసములోని నీటినిబట్టి మారుచుండును. వండువాడు ఒక చుక్కను తీసి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సాగదీసి చూచును. తీగ సాగినచో తీగపాకము; చన్నీటిలో వేసిన చుక్క ఉండ కట్టినచో ఉండపాకము. ఇంత పెద్ద చక్కెర కర్మాగారములలో సయితము చాలకాలము ఇదే పరీక్ష నడచినది. పాకము వండు పనివాడు ఒక కడ్డీతో కొంచెము పాకమును వెలుపలికి తీసి, గాజుపలకపై పరచి చక్కెర పలుకులను చూచి, వ్రేళ్ళ నడుమ తీగ సాగదీసి నిర్ణయించెడివాడు. సాంద్రతను, ఉష్ణమును కొలుచు సాధనములు అతనికి తోడుగా తరువాత వచ్చినవి.

క్రొత్తగా చేరిన కుర్రవానికి ఈ విద్య ఎట్లు అబ్బును? పెద్దవాడొకడు ప్రక్కన నిలిచి, “ఇంకను లేత”, “ఇక దించు” అని ఆ క్షణముననే చెప్పుటచేత అబ్బును. అదే మాటను సాయంత్రము చెప్పినచో ప్రయోజనము లేదు. వ్రేలు చేసిన పనికి తీర్పు వెంటనే రావలెను. అప్పుడే వ్రేలు నేర్చుకొనును.

సంగీత వాద్యము నేర్చుటయు ఇట్టి విద్యయే. ప్రక్కన నిలిచి తీర్పు చెప్పు పెద్దవాని పనిని ఒక యంత్రము చేయగలదా? ఈ ప్రశ్నకు సమాధానము పాఠశాలలలోగాక, విచిత్రముగ, పిల్లల వినోదమునకై పుట్టిన గిటారు ఆటలలో దొరకినది. ఆ ఆటల చరిత్రను పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. యంత్రము దేనిని కొలవగలదో దానిని మాత్రమే నేర్పగలదు.

గిటారులోని కష్టము

గిటారునకు ఆరు తంత్రులు. సాధారణముగ శ్రుతి చేసినపుడు అన్నిటికంటె లావు తంత్రి సెకనుకు సుమారు 82 పర్యాయములు, అన్నిటికంటె సన్నని తంత్రి సుమారు 330 పర్యాయములు కంపించును. వీణకువలె దీని మెడపైన కూడ మెట్లు కలవు. తంత్రిని ఒక మెట్టు చెంత నొక్కినచో మ్రోగు భాగము పొట్టిదగును, స్వరము హెచ్చును. ఒక్కొక్క మెట్టునకు కంపనముల సంఖ్య సుమారు 1.06 రెట్లగును. పండ్రెండవ మెట్టు తంత్రికి సరిగా నడుమ ఉండును. అచట కంపనములు రెట్టింపై పై స్థాయి షడ్జమము పలుకును.

నేర్చువానికి కష్టమెచ్చట? ఎడమచేయి సరియైన తంత్రిని సరియైన మెట్టు చెంత నొక్కవలెను. కుడిచేయి ఆ తంత్రినే మీటవలెను. ఈ రెండును ఒకే క్షణమున జరుగవలెను. ఆ క్షణము తాళమునకు సరిపోవలెను. రాక్ సంగీతమున వాడు విద్యుత్ గిటారునకు ఉక్కు తంత్రులుండును గనుక మొదట వ్రేళ్ళ కొనలు నొచ్చును. స్వరము, కాలము, నొప్పి మూడును ఒక్కసారి మీదపడును. గిటారు పట్టిన క్రొత్తవారిలో నూటికి సుమారు తొంబదిమంది మొదటి సంవత్సరములోనే విడిచిపెట్టుచున్నారని అమెరికాలో గిటారులు తయారుచేయు ఫెండర్ సంస్థ అంచనా వేసినది.

పూర్వపు సహాయములు

నేర్చువాని శ్రమ తగ్గింపవలెనను యత్నము ప్రాచీనమైనదే. వీణ మెట్టే ఇట్టి సహాయము. తంజావూరును పాలించిన తెలుగు కవిరాజు రఘునాథ నాయకుని కాలమున, అనగా పదునేడవ శతాబ్దమున, వీణకు ఇరువదినాలుగు మెట్లను స్థిరముగ అమర్చు పద్ధతి ఏర్పడెనని ప్రతీతి. మెట్టున్నచో వ్రేలు కొంచెము అటునిటు పడినను స్వరము తప్పదు. అయినను మెట్టు మీద తంత్రిని ప్రక్కకు లాగి గమకమును పలికించుటకు వీలున్నది. సహాయము లభించినది, స్వేచ్ఛ పోలేదు.

రెండవ సహాయము హార్మోనియము. 1840ల ఆరంభమున పారిసులో అలెగ్జాండర్ దెబేన్ దీనిని రూపొందించెను. తరువాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దీనిని నేలపై కూర్చుండి ఒక చేత తిత్తిని ఊదుచు, మరియొక చేత వాయించుటకు తగినట్లు మార్చెను. మీట నొక్కినంతనే స్వరము తప్పక పలుకును గనుక తెలుగు పద్యనాటక రంగమున ఇది సులభముగ పాదుకొనినది. కాని ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుట దీనిపై సాధ్యము కాదు. ఇట్టి కారణములచేతనే ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు.

మూడవది బుల్‌బుల్ తరంగ్. మనదేశమున పలువురు దీనిని బెంజో అందురు. ఖవ్వాలీ బృందములలో దీని ధ్వని పరిచితమే. దీని మూలము జపానులో కలదు. 1912లో నగోయా పట్టణమున మొరితా గొరో అను నతడు, టైపురైటరు మీటలనుబోలిన మీటలను తంత్రుల పైన అమర్చి తైషోగోతో అను వాద్యమును చేసెను. ఎడమచేతి వ్రేలు మెట్టును వెదకనక్కరలేదు. మీట నొక్కిన చాలును.

ఈ మూడును శ్రమను తగ్గించినవి. కాని వాయించువాడు సరిగా వాయించెనా లేదా అని వీనిలో ఏదియు చెప్పలేదు. ఆ పని గురువుదే. వాద్యమే తీర్పు చెప్పు కాలము కంప్యూటరుతో వచ్చినది.

ఆట పుట్టుక

తాళమునకు సరిగా మీట నొక్కు ఆటలు జపానులో పెరిగినవి. 1996లో మసాయా మత్సురా రూపొందించిన పరప్పా ద రాపర్ ఈ కోవలో తొలివానిలో ఒకటి. 1997లో కొనామీ సంస్థ బీట్‌మేనియాను, 1999లో గిటార్‌ఫ్రీక్స్ అను ఆటను వెలువరించినది. గిటార్‌ఫ్రీక్స్ వినోదశాలలలో నిలిపిన పెద్ద యంత్రము. దానికి గిటారు ఆకారముగల ఒక సాధనము తగిలించియుండును. మెడపైన మూడు మీటలు, తంత్రులకు మారుగా ఒక చిన్న పలక. ఎడమచేత మీట నొక్కి, కుడిచేత పలకను కదల్పవలెను.

ఆ కాలముననే అమెరికాలో మరియొక యత్నము జరుగుచుండెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివిన అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ అను మిత్రులు 1995లో హార్మోనిక్స్ అను సంస్థను స్థాపించిరి. సంగీతమెరుగని వానికి కూడ సంగీతము చేయునప్పటి ఆనందమును రుచి చూపుట వారి ఆశయము. వారి మొదటి వస్తువు ది యాక్స్. చేతికర్రను అటునిటు త్రిప్పినచో కంప్యూటరు తానే గిటారు ఆలాపనలను కల్పించును. ఎట్లు త్రిప్పినను అపస్వరము రాదు. అయినను దానిని కొన్నవారు మిక్కిలి కొద్దిమంది. కారణమును ఊహించుట కష్టము కాదు. తప్పు చేయుటకు వీలులేని చోట ఒప్పు చేసితినను తృప్తి ఎట్లు కలుగును?

తరువాత ఆ మిత్రులు మార్గము మార్చిరి. 2001లో ఫ్రీక్వెన్సీ, 2003లో యాంప్లిట్యూడ్ అను ఆటలలో వాయింపవలసిన స్వరములు ఒక బాటవెంబడి ఆటగానివైపు వచ్చుచుండును. సరిగా పట్టుకొనవలెను; లేనిచో తప్పు. ఈ లోపల కాలిఫోర్నియాలో కై హువాంగ్, చార్లెస్ హువాంగ్ అను సోదరుల రెడ్ఆక్టేన్ సంస్థ నృత్యపు ఆటలకు కావలసిన చాపలను చేసి అమ్ముచుండెను. వారికి ఆడుటకు తగిన సాధనమును చేయు నేర్పు కలదు. హార్మోనిక్స్ వారికి ఆటను కట్టు నేర్పు కలదు. ఈ రెండును కలిసి 2005 నవంబరులో గిటార్ హీరో వెలువడినది.

ఆట పనిచేయు విధము

గిటార్ హీరోతో వచ్చిన గిటారు ప్లాస్టిక్ వస్తువు. మెడపైన ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలము, నారింజ రంగుల మీటలు ఐదు. తంత్రులు లేవు, క్రిందికి మీదికి కదలు పలక ఒకటి కలదు. తెరపై రంగు బిళ్ళలు ఆటగానివైపు జారివచ్చును. బిళ్ళ గీటును తాకు క్షణమున ఆ రంగు మీటను నొక్కి పలకను కదల్పవలెను. కొంచెము ముందు వెనుక లయినను యంత్రము క్షమించును. కాని ఆ క్షమ సెకనులో సుమారు పదియవ వంతు మాత్రమే.

ఇందలి ముఖ్యమైన ఉపాయము ధ్వనిలో కలదు. పాటలోని గిటారు భాగమును తక్కిన వాద్యములనుండి వేరుచేసి ఉంచిరి. ఆటగాడు సరిగా కదిపినచో ఆ భాగము వినిపించును. తప్పినచో గిటారు మూగపోయి, నొక్కిపట్టిన తంత్రిని మీటినట్లు ఒక మొద్దు చప్పుడు వచ్చును. డోలు, గాత్రము మాత్రము సాగుచునే యుండును. బెల్లము వండు పెద్దవాడు “ఇంకను లేత” యని చెప్పినట్లే, తీర్పు ఆ క్షణముననే చెవిన పడును.

సులభమైన తరగతిలో మూడు రంగులే వచ్చును. తరువాత నాలుగు, ఆ పైని ఐదు. నేర్పు పెరిగినకొలది బిళ్ళలు దట్టమగును.

ఇప్పుడు యంత్రము దేనిని కొలిచినదో చూడుడు. ఐదు మీటలలో ఏది నొక్కబడినది, పలక ఏ క్షణమున కదలినది, ఇంతియే. మీట యనగా విద్యుత్ ప్రవాహమును కలుపునది, త్రెంచునది మాత్రమే. కావున యంత్రమునకు తెలిసినది కాలమొక్కటియే. స్వరము దానికి తెలియదు. ఆకుపచ్చ మీట ఒక పాటలో ఒక స్వరమునకు, మరియొక పాటలో వేరొక స్వరమునకు గుర్తు. అందుచేత ఆట తాళమును, రెండు చేతుల పొందికను నేర్పినది. స్వరస్థానములను నేర్పలేదు. ఆటలో అందెవేసిన చేయి నిజమైన గిటారును పట్టినప్పుడు, కుడిచేతికి లయ తెలియును గాని ఎడమచేతికి ఏ మెట్టు ఏమి పలుకునో తెలియదు.

కాలమును కొలుచుట కూడ తేలిక కాలేదు. పలుచని క్రొత్త టెలివిజన్లలో బొమ్మ తెరపైకి వచ్చుటకు సెకనులో కొన్ని వందవ వంతులు ఆలస్యమగును. చెవికి ధ్వని ముందు, కంటికి బిళ్ళ వెనుక వచ్చును. అందుచేత ఆలస్యమును సరిచూచుకొను ఏర్పాటును ఆటలో చేర్చిరి. 2008లో వచ్చిన రాక్ బ్యాండ్ 2 గిటారులో ఒక వెలుతురు గ్రాహకమును, ఒక మైక్రోఫోనును అమర్చి యంత్రమే తన ఆలస్యమును కొలుచుకొనునట్లు చేసిరి.

వెలుగు, క్షీణత

ఈ ఆటకు లభించిన ఆదరణ అసాధారణము. 2006లో యాక్టివిజన్ సంస్థ రెడ్ఆక్టేనును, ఎమ్‌టీవీ సంస్థ హార్మోనిక్సును కొనివేసినవి. 2007లో గిటార్ హీరో 3 వచ్చినది. దాని అమ్మకములు నూరుకోట్ల డాలర్లను దాటినట్లు 2009 ఆరంభమున యాక్టివిజన్ ప్రకటించినది. 2007లోనే హార్మోనిక్స్ వారు గిటారుతోబాటు డోలును, గాత్రమును చేర్చి రాక్ బ్యాండ్ అను ఆటను వెలువరించిరి.

కాని పతనమును అంతే త్వరగా వచ్చినది. ఏడాదికి పెక్కు ఆటలు ఒకదానివెంట ఒకటి వెలువడెను. ఇంటింట ప్లాస్టిక్ గిటారులు పేరుకొనెను. 2008 తరువాత ఆర్థిక మాంద్యము తోడయ్యెను. 2011 ఫిబ్రవరిలో గిటార్ హీరో తయారీని ఆపివేయుచున్నట్లు యాక్టివిజన్ ప్రకటించినది. 2015లో గిటార్ హీరో లైవ్, రాక్ బ్యాండ్ 4 వచ్చినను పూర్వపు వెలుగు మరలలేదు.

ఆటపై విసుగు పుట్టుటకు అధిక ఉత్పత్తియే కారణమని చెప్పవచ్చును. దానితోబాటు వేరొక కారణమును ఆలోచింపదగును. ప్లాస్టిక్ గిటారుతో చేరగల మెట్లన్నియు ఎక్కినవానికి ఆ పైన మెట్టు లేదు. యంత్రము కొలవగలిగినదంతయు అతడు నేర్చివేసెను.

స్వరమును విన్న యంత్రము

2010లో వచ్చిన రాక్ బ్యాండ్ 3 ఒక అడుగు ముందునకు వేసినది. దానికై చేసిన ఒక గిటారు మెడపైన ఆరు తంత్రులకు, పదునేడు మెట్లకు సరిపోవునట్లు 102 మీటలు కలవు. అనగా యంత్రము మొదటిసారి స్వరస్థానమును అడిగినది.

మరుసటి సంవత్సరము, 2011లో, యుబిసాఫ్ట్ సంస్థ రాక్‌స్మిత్ అను ఆటను తెచ్చినది. దీనికి ప్రత్యేకమైన గిటారు అక్కరలేదు. ఏ విద్యుత్ గిటారునైనను ఒక తీగతో ఆటయంత్రమునకు కలుపవచ్చును. విద్యుత్ గిటారులో తంత్రుల క్రింద అయస్కాంతము, దాని చుట్టు రాగితీగ చుట్ట ఉండును. ఉక్కు తంత్రి కంపించినపుడు చుట్టలో విద్యుత్ ప్రేరితమగును. ఫారడే కనుగొన్న ధర్మమే ఇది. తంత్రి సెకనుకు 82 పర్యాయములు కంపించినచో విద్యుత్తును అన్ని పర్యాయములే హెచ్చి తగ్గును. ఆ విద్యుత్తును సెకనుకు వేలకొలది పర్యాయములు కొలిచి అంకెలుగా మార్చినచో కంప్యూటరు స్వరమును లెక్కకట్టగలదు.

అయితే ఇందు ఒక చిక్కు కలదు. లావు తంత్రి స్వరము సెకనుకు 82.4 కంపనములు, దాని మొదటి మెట్టు 87.3. భేదము ఇంచుమించు ఐదు. ఈ రెండు స్వరములు ఒకదానికంటె మరియొకటి ఒక పూర్తి కంపనము ముందు పోవుటకు సెకనులో ఐదవ వంతు పట్టును. కేవలము కంపనములను విడదీసి చూచు పద్ధతిలో నిశ్చయముగ చెప్పుటకు సుమారు అంతసేపు వినవలసియుండును. తీర్పు వెంటనే రావలెనన్నచో అంత ఆలస్యము పనికిరాదు. పై తంత్రిపై భేదము సెకనుకు ఇరువది కంపనములు గనుక చిక్కు తక్కువ.

ఇట్టి చిక్కును తగ్గించు మార్గము ఆటలోనే కలదు. ఆటకు ఏ స్వరము రావలెనో ముందే తెలియును. ఉపాధ్యాయుడు గుంపులో ఒక్కొక్కని ముఖము చూచి పేరు చెప్పుట కష్టము. హాజరుపట్టీ చూచి ఒక పేరు పిలిచి, పలికినవాడు వాడేనా యని చూచుట సులభము. అట్లే, “ఇది ఏ స్వరము?” అను ప్రశ్నకంటె “ఇది ఆ స్వరమేనా?” అను ప్రశ్నకు త్వరగా ఉత్తరము దొరకును.

రాక్‌స్మిత్ మొదట పాటలోని ప్రతి పాదమునుండి ఒకటి రెండు స్వరములనే అడుగును. అవి కుదిరినచో మరికొన్ని చేర్చును; తప్పినచో తగ్గించును. మన సంగీతమున పురందరదాసు పేరిట నడచు సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు మొదట నేర్చి తరువాత గీతమునకు పోవుదుము. ఇచట గీతమే మొదట. దాని చిక్కదనము క్రమముగ పెరుగును. మార్గములు వేరైనను రెండింటి లక్ష్యము ఒకటియే: చేతికి అందు మెట్టునే ముందుంచుట.

ఇట్టి విద్య చేతి ఫోనునకు కూడ దిగినది. 2010లో ఫిన్లాండు దేశపు హెల్సింకీలో స్థాపితమైన యూసిషియన్ సంస్థ వంటివి ఫోనులోని మైక్రోఫోనుతోనే గిటారు ధ్వనిని విని తీర్పు చెప్పు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినవి. గదిలోని ఇతర ధ్వనులను తొలగించుట ఇందలి అదనపు కష్టము.

గురువునకు మిగిలినది

గిటారు గురువు దగ్గరలేని పల్లెలోని విద్యార్థికి కూడ, గిటారు, ఫోను ఉన్నచో, కాలమును స్వరమును సరిచూచువాడు దొరకినట్లే. ఇది చిన్న లాభము కాదు. కాని యంత్రము ఇప్పటికిని సరిగా కొలవలేనివి కలవు. మణికట్టు వంగి నొప్పి తెచ్చుకొనుచున్నాడా, మీటుటలో మార్దవమున్నదా, తంత్రిని లాగి పలికించిన గమకము రాగమునకు తగినంత వరకే పోయినదా. వీనిని చూచుటకు కన్ను, చెవి గల మనిషి కావలెను. కొలవబడు దానికే గుణములు వచ్చును గనుక, విద్యార్థి గుణములకై ఆడుచు కొలవబడని దానిని మరచు ప్రమాదము కూడ కలదు. పరీక్షలు నడపు ఉపాధ్యాయులకు ఇది క్రొత్త విషయము కాదు.

తీర్పు వెంటనే రావలెనను సూత్రమును పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒక పలకపై 65 సెంటీమీటర్ల దూరమున రెండు మేకులను కొట్టి, వాని నడుమ సన్నని ఉక్కుతీగను బిగింపుడు. తీగను సరిగా సగముననుండి నొక్కి మీటినచో పై షడ్జమము, మూడవ వంతున నొక్కి మిగిలిన పొడవైన భాగమును మీటినచో పంచమము పలుకును. కొలబద్ద చూపక, ఒక విద్యార్థిని పంచమమును వెదకుమనుడు. ప్రతి యత్నమునకు వెంటనే “ఎక్కువ”, “తక్కువ” అని చెప్పుడు. మరియొకనికి పది యత్నముల తరువాత మాత్రమే చెప్పుడు. ఎవరు త్వరగా కుదిర్చిరో గమనించి వ్రాసికొనుడు. పెక్కుమందిపై చేసిన పిమ్మట గాని నిర్ణయమునకు రాగూడదు.

బోధనులోని చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అచటి కొలత సాధనములు పని మానినను, తీగపాకమును వ్రేళ్ళతో గుర్తించుట నేర్చినవాని నేర్పు అతనితోనే యున్నది. 2011లో గిటార్ హీరో ఆగిపోయినపుడు కూడ అంతే. ప్లాస్టిక్ గిటారు మూలపడినను ఆడినవానికి లయ మిగిలినది. స్వరము నేర్పు యంత్రముతో నిజమైన గిటారును సాధించినవానికి లయతోబాటు స్వరమును మిగిలినది. నేర్పుటకై వచ్చు ఏ క్రొత్త యంత్రమునైనను పాఠశాలలోనికి తెచ్చుటకు ముందు ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఇది దేనిని కొలుచుచున్నది? దీనిని ప్రక్కన పెట్టిన నాడు విద్యార్థి చేతిలో ఏమి మిగులును?